పాత మ్యాక్‌లో స్ట్రైప్ సెట్ కనపడకపోతే తప్పు ఎక్కడ వెతకాలి

పాత మ్యాక్ ఆన్ చేస్తే డెస్క్‌టాప్ మీదకి రావాల్సిన వీడియో వాల్యూమ్ (డిస్కులా కనిపించే నిల్వ చోటు) రాదు, దాని బదులు ఒక బాక్సు వస్తుంది, ఈ డిస్కు చదవడం కుదరట్లేదు, ఇనిషియలైజ్ చెయ్యమంటారా అని, అంటే ఉన్నది చెరిపేసి కొత్తగా సిద్ధం చెయ్యమంటారా అని. రెండు డ్రైవులు ఉంటే ఆ బాక్సు రెండుసార్లు కూడా రావచ్చు. స్ట్రైప్ చేసిన సెట్‌లో, అంటే రెండు మూడు డ్రైవులు కలిసి ఒకే వాల్యూమ్‌గా కనిపించే సెట్‌లో, డేటాని చేతులారా పోగొట్టుకునే చోటు ఇదే. డ్రైవు బాగానే తిరుగుతుంటుంది, లోపల బైట్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి, మ్యాక్‌కి మాత్రం అది అర్థం కాని సగం ముక్కలా కనిపిస్తుంది కాబట్టి కొత్త డిస్కేమో అనుకుని అడుగుతోంది అంతే. ఈ ప్రశ్నకి ఎప్పుడూ ఒకటే సమాధానం, వద్దు. ఎజెక్ట్ అనో క్యాన్సిల్ అనో నొక్కి, మెషిన్ షట్‌డౌన్ చేసి, ఆ తర్వాతే ఆలోచన మొదలుపెట్టాలి.

స్ట్రైపింగ్ అంటే ఒక పుస్తకంలో సరి పేజీలన్నీ ఒకరి దగ్గర, బేసి పేజీలన్నీ ఇంకొకరి దగ్గర పెట్టడం లాంటిది. పేజీ అంటే ఇక్కడ 32 కిలోబైట్లో 64 కిలోబైట్లో ఉండే ఒక ముక్క. ఇద్దరూ ఒకేసారి చదివితే పని సగం టైంలో అయిపోతుంది, ఒకరు రాకపోతే మాత్రం మిగిలినవాళ్ళ దగ్గరున్న పేజీలతో కథ అర్థం కాదు. దీన్నే రెయిడ్ 0 అంటారు, పేరులో రెయిడ్ ఉంది గానీ కాపాడే గుణం ఏమీ లేదు. 1990ల్లో ఇంత రిస్కు ఎందుకు తీసుకున్నారంటే వీడియో కోసం. 640 బై 480 సైజులో, పిక్సెల్‌కి 2 బైట్ల చొప్పున, సెకనుకి 30 ఫ్రేములంటే కంప్రెషన్ లేకుండా సెకనుకి దాదాపు 18.4 మెగాబైట్లు, అప్పట్లో మన దగ్గర వాడిన పాల్ టీవీ పద్ధతిలో 768 బై 576 సైజు 25 ఫ్రేములకి 22 మెగాబైట్లు దాటుతుంది. అప్పటి ఒక్క డ్రైవు అందులో చిన్న భాగం మాత్రమే ఇవ్వగలిగేది. అందుకే ఒక్కో ఫ్రేముని ఫొటోలా కుదించే మోషన్ జేపెగ్ కంప్రెషన్ ఒకవైపు, స్ట్రైప్ ఇంకోవైపు. 1989లో మ్యాకింటాష్ మీద మొదలైన ఎవిడ్ మీడియా కంపోజర్ లాంటి ఎడిటింగ్ సిస్టమ్స్ ఈ రెండిటి మీదే నిలబడ్డాయి, ఆ దశకంలోనే ఎవిడ్ హైదరాబాద్, చెన్నై ఎడిటింగ్ రూముల్లోకి కూడా వచ్చింది. ఆ కాలం నాటి డ్రైవులు ఏ బీరువాలోనో అట్టపెట్టెలోనో ఉండిపోయి ఉంటే వాటిలో ఇంకెక్కడా లేని ఫుటేజ్ ఉండే అవకాశం నిజంగా ఉంది. కాబట్టి ఇది ఉత్త పాత సామాన్ల సరదా కాదు.

ముందు ఒక అపోహ తీసెయ్యాలి. సెట్ పనిచేస్తోంది కానీ ఒక్క డ్రైవు కంటే వేగంగా లేదు అంటే చాలామంది డ్రైవు పాడైంది అనుకుంటారు. చాలాసార్లు పాడైంది ఏమీ ఉండదు, మ్యాక్ అలా తయారైంది. స్కజీ, అంటే డ్రైవుల్ని ఒకదాని వెనక ఒకటి తగిలించే పాత కనెక్షన్ పద్ధతి, మ్యాక్‌లోకి 1986లో మ్యాక్ ప్లస్‌తో వచ్చింది, దాన్ని నడిపే అప్పటి సిస్టమ్ భాగం స్కజీ మేనేజర్ ఒక పని అయ్యేదాకా ఇంకో పని ముట్టుకోదు, అంటే మొదటి డ్రైవుని అడిగి, అది ఇచ్చేదాకా కూర్చుని, ఆ తర్వాతే రెండోదాన్ని అడుగుతుంది. సరి పేజీల మనిషి చదవడం ఆపితే తప్ప బేసి పేజీల మనిషి నోరు తెరవడు, ఇంక ఇద్దరుండి లాభమేంటి. ఇది మారింది 1993లో క్వాడ్రా 840ఏవీ, సెంట్రిస్ 660ఏవీ మోడళ్ళతో వచ్చిన స్కజీ మేనేజర్ 4.3తోనే. దాని తర్వాతే ఒకేసారి రెండు డ్రైవులకి పని చెప్పడం మ్యాక్ సొంత స్కజీలో సరిగ్గా కుదిరింది. అంతకుముందు మెషిన్లలో వేగం కావాలంటే అట్టో, ఎఫ్‌డబ్ల్యూబీ లాంటి కంపెనీల స్కజీ కార్డులు వేసుకునేవాళ్ళు.

బస్ లెక్క కూడా ఉంది, బస్ అంటే డ్రైవులకీ మ్యాక్‌కీ మధ్య డేటా నడిచే దారి. 1995 నాటి పవర్ మ్యాక్ 9500లో లోపలి స్కజీ బస్ సెకనుకి 10 మెగాబైట్లు, బయటి బస్ 5 మెగాబైట్లు. ఒక డ్రైవు లోపల, ఒకటి బయట పెట్టి స్ట్రైప్ చేస్తే 15 వస్తుందని ఆశపడతారు, రాదు. రెండు వైపులా సమానంగా ముక్కలు వెళ్తాయి కాబట్టి నెమ్మదిగా ఉన్నవాడి నడకే ఇద్దరిదీ, మహా అయితే 10. దానికంటే రెండు డ్రైవులూ లోపలి బస్ మీదే పెట్టుకోవడం నయం, కనీసం కేబుల్ గొడవ సగం తగ్గుతుంది.

ఇక అసలు రోగానికి వద్దాం. పొద్దున్నే ఆన్ చేస్తే సెట్ రాదు, రీస్టార్ట్ చేస్తే వస్తుంది. ఈ ఒక్క లక్షణం కనపడితే ఫైల్ సిస్టమ్ జోలికి వెళ్ళాల్సిన పనే లేదు, ఇది కరెంటు, టైమింగ్ సమస్య. డ్రైవు మోటారు మొదట తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల లైన్ మీద మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది, రెండు మూడు డ్రైవులు ఒకేసారి లేస్తే ముప్పై ఏళ్ళ పవర్ సప్లై తట్టుకోలేక వోల్టేజ్ పడిపోతుంది, ఒక డ్రైవు ఆగి మళ్ళీ మొదలవుతుంది, ఈలోపు మ్యాక్ బస్ మొత్తం ఒకసారి వెతికేసి ముందుకెళ్ళిపోతుంది. కొన్ని డ్రైవుల్లో ఆలస్యంగా లేవమని చెప్పే జంపర్ (పిన్నుల మీద పెట్టే చిన్న తొడుగు) ఉంటుంది, ఐడీ నంబర్ (బస్ మీద ఒక్కో పరికరానికీ ఉండే నంబర్) పెరిగేకొద్దీ ఎక్కువ సెకన్లు ఆగి లేస్తుంది, పవర్ సప్లైకి అది మంచిదే కానీ మరీ ఆలస్యమైతే మళ్ళీ అదే సమస్య. బయటి పెట్టెలో ఉన్న డ్రైవులైతే మ్యాక్ కంటే ముందు వాటిని ఆన్ చేసి, ముప్పై సెకన్లు ఆగి, అప్పుడు మ్యాక్ ఆన్ చెయ్యడం పాతకాలం అలవాటు, ఇప్పటికీ మొదట చెయ్యాల్సిన పరీక్ష అదే. లోపలి డ్రైవులైతే టెస్ట్ కోసం వేరే పవర్ సప్లైతో లేపి చూడొచ్చు.

అసలు తిరగకుండా ఉండిపోయిన డ్రైవు కథ వేరు. ఏళ్ళ తరబడి పక్కన పడేస్తే చదివే హెడ్, లోపల తిరిగే పళ్ళెం లాంటి ప్లాటర్‌కి అంటుకుపోవడం పాత డ్రైవుల్లో మామూలే. క్వాంటమ్ ప్రోడ్రైవ్ రకాల్లో అయితే లోపల హెడ్‌ని ఆపే రబ్బరు ముక్క కాలక్రమంలో జిగురుగా మారిపోయి హెడ్‌ని కదలనివ్వదు. దాన్ని మూత తీసి సరిచేసినవాళ్ళు ఉన్నారు, కానీ స్ట్రైప్ సెట్‌లో ఒక డ్రైవుని మూత తీయడం అంటే రెండు డ్రైవుల డేటానీ పణంగా పెట్టడం. లోపల ఉన్నది ముఖ్యమైతే ఆ పని రికవరీ ల్యాబ్‌కి వదిలెయ్యాలి.

తర్వాత టెర్మినేషన్. దీని మీద కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే స్ట్రైప్ సెట్ తయారు చేసిన పద్ధతిలోనే ఈ తప్పు దాక్కుని ఉంటుంది. స్కజీ చైన్‌కి రెండు చివరలా టెర్మినేటర్ (సిగ్నల్ చివర తగిలి వెనక్కి రాకుండా ఆపే రెసిస్టర్లు) ఉండాలి, మధ్యలో ఎక్కడా ఉండకూడదు. మ్యాక్ లోపల ఫ్యాక్టరీ డ్రైవుకి టెర్మినేటర్ రెసిస్టర్లు డ్రైవు బోర్డు మీదే ఉంటాయి. దాని పక్కన అలాంటిదే ఇంకో డ్రైవు తెచ్చి పెట్టి స్ట్రైప్ చేశారనుకోండి, దాని రెసిస్టర్లు పీకడం మర్చిపోతే చైన్‌లో ఒక టెర్మినేటర్ ఎక్కువైపోతుంది. అప్పుడు విచిత్రం ఏంటంటే ఒక్కొక్క డ్రైవు విడిగా పెడితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది, రెండూ కలిపితే ఒకటి మాయమవుతుంది, లేదా చిన్న ఫైళ్ళు బాగానే కాపీ అయ్యి పెద్ద ఫైలు దగ్గర మెషిన్ ఫ్రీజ్ అవుతుంది. స్ట్రైప్ సెట్ ఎప్పుడూ రెండు డ్రైవుల్నీ మార్చి మార్చి గట్టిగా వాడుతుంది కాబట్టి మామూలు వాడకంలో బయటపడని సిగ్నల్ లోపం ఇక్కడే బయటపడుతుంది.

ఇంకోటి, పాత డ్రైవు చచ్చిపోయిందని ఈ మధ్య దొరికే 68 పిన్నుల, 80 పిన్నుల సర్వర్ డ్రైవుల్ని అడాప్టర్ పెట్టి 50 పిన్నుల మ్యాక్ కేబుల్‌కి తగిలిస్తుంటారు. ఇలాంటి వైడ్ డ్రైవుకి పైన ఇంకో ఎనిమిది డేటా లైన్లు, వాటిలో తప్పులు పట్టే ప్యారిటీ లైను ఉంటాయి, వాటిని కూడా టెర్మినేట్ చేసే అడాప్టర్ కావాలి, చౌక అడాప్టర్లలో ఆ భాగం ఉండదు. డ్రైవు కనపడుతుంది, ఫార్మాట్ కూడా అవుతుంది, నాలుగు రోజుల తర్వాత తిక్కగా ప్రవర్తిస్తుంది. మ్యాక్ IIఎఫ్ఎక్స్ ఉంటే దాని లెక్కే వేరు, దానికి నల్లరంగు ప్రత్యేక టెర్మినేటర్ ఉంది. మ్యాక్ ప్లస్ అయితే టెర్మినేటర్‌కి కావాల్సిన కరెంటు తను ఇవ్వదు, ఆ కరెంటు బయటి డ్రైవే ఇవ్వాలి. ఐడీలు మాత్రం చూడటం తేలిక, 7 మ్యాక్‌ది, 0 లోపలి డ్రైవుది, సీడీ డ్రైవుకి సాధారణంగా 3, రెండు డ్రైవులకి ఒకే ఐడీ ఉంటే అంతే సంగతులు. కేబుల్ ఎప్పుడూ కరెంటు ఉండగా పీకొద్దు, పెట్టొద్దు. బయటి చైన్ మొత్తం పొడవు ఫాస్ట్ స్కజీకి 3 మీటర్లు, పాత స్కజీకి 6 మీటర్లు, ఇందులో పెట్టెల లోపలి కేబుల్ కూడా లెక్కే.

కరెంటు బాగుంది, టెర్మినేషన్ బాగుంది, స్కజీప్రోబ్ లాంటి టూల్‌లో రెండు డ్రైవులూ కనపడుతున్నాయి, అయినా వాల్యూమ్ రాలేదు. ఇప్పుడు అనుమానించాల్సింది డ్రైవర్‌ని, అంటే సాఫ్ట్‌వేర్ డ్రైవర్‌ని. పీసీ నుంచి వచ్చినవాళ్ళకి మింగుడుపడని సంగతి ఇది. క్లాసిక్ మ్యాక్ ఓఎస్‌లో హార్డ్ డిస్కు డ్రైవర్ ఆ డిస్కు మీదే ఉంటుంది, డిస్కు మొదట్లో దానికో చిన్న పార్టిషన్ ఉంటుంది. మెషిన్ లేవగానే ఒక్కో డిస్కు మొదటి బ్లాకు చదివి, అక్కడ చెప్పిన చోటునుంచి డ్రైవర్‌ని మెమరీలోకి ఎక్కించుకుంటుంది. స్ట్రైప్ సెట్‌లో ఆ డ్రైవర్ మామూలుది కాదు, సాఫ్ట్‌రెయిడ్ లాంటి ప్రోగ్రామో, ఎఫ్‌డబ్ల్యూబీ రెయిడ్ టూల్‌కిట్టో, ట్రిలియం వాళ్ళ రీమస్సో పెట్టిన ప్రత్యేక డ్రైవర్. ఈ రెండు డిస్కులూ ఒకటే అన్న జ్ఞానం దానికి మాత్రమే ఉంది. ఎవరో మంచి ఉద్దేశంతోనే యాపిల్ డ్రైవ్ సెటప్ తెరిచి అప్‌డేట్ డ్రైవర్ అని నొక్కారనుకోండి, యాపిల్ మామూలు డ్రైవర్ దాని స్థానంలో కూర్చుంటుంది, అంతే, సెట్ మాయం. డేటా మీద ఒక్క బైటు కూడా మారి ఉండకపోవచ్చు, కానీ ఈ ముక్కల్ని కలిపే మనిషి ఇంట్లో లేడు. అలాంటప్పుడు మందు అదే రెయిడ్ సాఫ్ట్‌వేర్‌ని, వీలైతే అదే వెర్షన్‌ని, వేరే స్టార్టప్ డిస్కులో పెట్టి డ్రైవర్‌ని మళ్ళీ ఎక్కించడం. ఆ సాఫ్ట్‌వేర్ ఏదో తెలియకపోతే ఏదో ఒకటి పెట్టి ప్రయత్నించడం తప్పు, ఒక్కో ప్రోగ్రామ్ తన గుర్తులు తనకిష్టమైన చోట రాసుకుంటుంది, ఒకదాని గుర్తుల మీద ఇంకొకటి రాస్తే ఇల్లు పూర్తిగా కాలినట్టే. డ్రైవర్ పార్టిషన్‌ని హెక్స్‌లో, అంటే బైట్లని ఉన్నవున్నట్టు చూపించే ఎడిటర్‌లో, తెరిచి చూస్తే చాలాసార్లు తయారీదారు పేరు అక్షరాల్లో దొరుకుతుంది, ఆ పని చదవడమే కాబట్టి నష్టం లేదు.

సెట్ ఒక మ్యాక్‌లో వస్తుంది, ఇంకా పాత మ్యాక్‌లో రాదు అంటే సైజు కూడా చూడాలి. సిస్టమ్ 7.5కి ముందు ఒక వాల్యూమ్ 2 గిగాబైట్లు దాటకూడదు, 7.5లో అది 4 గిగాబైట్లు అయింది, 1995లో పీసీఐ మ్యాక్‌లతో వచ్చిన 7.5.2లోనే 2 టెరాబైట్ల దాకా వెళ్ళింది. రెండు 4 గిగాబైట్ల డ్రైవులు కలిపిన 8 గిగాబైట్ల సెట్‌ని క్వాడ్రాలో పాత సిస్టమ్ మీద పెడితే రాకపోవడం సహజమే. డిస్కు మీద ఫైళ్ళు అమర్చే మ్యాక్ ఫార్మాట్ హెచ్ఎఫ్ఎస్‌కి కొత్త రూపం హెచ్ఎఫ్ఎస్ ప్లస్, 1998 జనవరిలో మ్యాక్ ఓఎస్ 8.1తో వచ్చింది, దానికంటే పాత సిస్టమ్‌లో ఆ వాల్యూమ్ తెరిస్తే ఫైళ్ళు ఎందుకు కనపడట్లేదో చెప్పే ఒక చిన్న ఫైల్ మాత్రమే కనిపిస్తుంది. దాన్ని చూసి అన్నీ పోయాయి అనుకుని ఫార్మాట్ కొట్టకూడదు.

స్కజీ బదులు ఐడీఈ అనే చౌక కనెక్షన్ కాలానికి వచ్చేసరికి టెర్మినేటర్ల బాధ పోయి వేరే బాధలు వచ్చాయి. 1999 జనవరిలో వచ్చిన నీలం తెలుపు పవర్ మ్యాక్ జీ3 మొదటి రివిజన్‌లో ఐడీఈ చిప్ లోపం ఉంది, కొత్త వేగవంతమైన డ్రైవులు పెడితే డేటా చెడిపోతుంది, ఒకే కేబుల్ మీద రెండోదిగా పెట్టే స్లేవ్ డ్రైవు కూడా నమ్మకంగా పనిచెయ్యదు. చిప్ మీద నంబర్ చివర 402 అని ఉంటే అది సరిచేసిన రివిజన్. ఈ మెషిన్‌లో స్ట్రైప్ సెట్ పదే పదే డైరెక్టరీ ఎర్రర్లు ఇస్తుంటే ప్రతిసారీ రిపేర్ చేసుకుంటూ పోవడం దండగ, పీసీఐ ఐడీఈ కార్డు వేసుకోవాలి. 2002 నాటి మిర్రర్డ్ డ్రైవ్ డోర్స్ జీ4లో నాలుగు డ్రైవుల చోటుంది, అందులో రెండు ఏటీఏ (ఐడీఈకే ఇంకో పేరు) 100 బస్ మీద, రెండు ఏటీఏ 66 బస్ మీద. అంతకు ముందు చాలా జీ4 మోడళ్ళు డ్రైవులో 128 గిగాబైట్ల దాకానే చూడగలవు, పెద్ద డ్రైవులు పెట్టి సెట్ చేస్తే మిగతాది లేనట్టే లెక్క. మ్యాక్ ఓఎస్ ఎక్స్ డిస్క్ యుటిలిటీలో చేసిన సెట్ ఓఎస్ 9లో కనపడదు, దాన్ని తిరిగి తేవాలంటే ఓఎస్ ఎక్స్‌లోకే వెళ్ళాలి.

రిపేర్ ప్రోగ్రాముల గురించి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. డిస్క్ ఫస్ట్ ఎయిడ్ అయినా, నార్టన్ అయినా, డిస్క్‌వారియర్ అయినా, అవన్నీ వాల్యూమ్ మొత్తం కనపడుతున్నప్పుడు మాత్రమే పనికొస్తాయి. రెయిడ్ డ్రైవర్ ఎక్కకుండా విడి డ్రైవు మీద వాటిని నడిపితే అవి సగం పుస్తకాన్ని పూర్తి పుస్తకం అనుకుని పేజీ నంబర్లు దిద్దడం మొదలుపెడతాయి. పాత నార్టన్ వెర్షన్లు హెచ్ఎఫ్ఎస్ ప్లస్ రాకముందువి, వాటికి ఆ ఫార్మాట్ తెలియదు, ఆరోగ్యంగా ఉన్న వాల్యూమ్‌ని కూడా పాడుచేస్తాయి.

వీడియో తీసుకునేటప్పుడు కొన్ని నిమిషాలకోసారి ఫ్రేములు పడిపోవడం కూడా సెట్ పాడైందనడానికి గుర్తు కాదు. అప్పటి మామూలు డ్రైవులు వేడెక్కినప్పుడు హెడ్ స్థానం సరిచూసుకోడానికి మధ్యమధ్యలో ఆగేవి, ఆ కొద్ది క్షణంలో ఫ్రేములు పోయేవి. అందుకే ఏవీ, అంటే ఆడియో వీడియో, డ్రైవులని వేరే అమ్మేవాళ్ళు, వాటిలో ఆ ఆగడాన్ని సర్దుబాటు చేసి ఉంచారు. స్ట్రైప్‌లో ఒక ఏవీ డ్రైవు, ఒక మామూలు డ్రైవు కలిపితే మామూలుది ఆగినప్పుడల్లా సెట్ మొత్తం ఆగుతుంది.

ఇక చివరికి ఏదీ కుదరక, సాఫ్ట్‌వేర్ దొరక్క, డ్రైవులు మాత్రం చదవగలిగే స్థితిలో ఉంటే చెయ్యాల్సింది రెండు డ్రైవుల్నీ పూర్తిగా ఇమేజ్ తీసుకోవడం, అంటే బైటు బైటుకీ నకలు ఫైలు చేసుకోవడం, నిజానికి ఇది మొదటే చెయ్యగలిగితే ఇంకా మంచిది. పీసీఐ స్కజీ కార్డు ఉన్న లినక్స్ మెషిన్‌లో డీడీరెస్క్యూతో తీయొచ్చు, బ్లూస్కజీ రెండో వెర్షన్, జులూస్కజీ లాంటి చిన్న బోర్డులు కూడా ఇనిషియేటర్ మోడ్‌లో, అంటే తామే కంప్యూటర్ పాత్ర తీసుకుని, డ్రైవుని ఎస్‌డీ కార్డులోకి ఇమేజ్ చేస్తాయి. ఆ తర్వాత అసలు డ్రైవులు పక్కన పెట్టెయ్యాలి, పని అంతా ఇమేజ్‌ల కాపీల మీదే.

ఇమేజ్‌లో ముందు పార్టిషన్ మ్యాప్ చూసి డేటా పార్టిషన్ ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవాలి. రెయిడ్ సాఫ్ట్‌వేర్ తన సొంత గుర్తులు అక్కడ పెట్టి ఉండొచ్చు కాబట్టి వాల్యూమ్ కచ్చితంగా అక్కడే మొదలవుతుందని నమ్మొద్దు, హెక్స్‌లో 4244 అనే విలువ కోసం వెతకాలి, అది హెచ్ఎఫ్ఎస్ వాల్యూమ్ సంతకం, వాల్యూమ్ మొదలైన చోటు నుంచి సరిగ్గా 1024 బైట్ల దగ్గర ఉంటుంది. ఆ బ్లాకులోనే కొంచెం ముందుకెళ్తే వాల్యూమ్ పేరు అక్షరాల్లో కనిపిస్తుంది, ఏళ్ళ క్రితం ఎవరో పెట్టిన పేరు అలా తెరమీద కనపడటం కంటే ధైర్యం ఇచ్చేది ఇంకోటి లేదు. అది ఏ డ్రైవులో దొరికిందో అదే సెట్‌లో మొదటి డ్రైవు. సంతకం మొదలైన చోటు నుంచి 18 బైట్ల తర్వాత ఉన్న రెండు బైట్లు మొత్తం అలొకేషన్ బ్లాకుల (ఫైళ్ళకి కేటాయించే సమాన భాగాల) సంఖ్య, దాని పక్కన నాలుగు బైట్లు ఒక్కో బ్లాకు సైజు, ఈ రెండూ గుణిస్తే వాల్యూమ్ సైజు వస్తుంది. అది ఒక డ్రైవు పార్టిషన్‌కి రెట్టింపు దగ్గరగా ఉంటే రెండు డ్రైవుల సెట్, మూడు రెట్లుంటే మూడో డ్రైవు ఎక్కడో ఉంది, ముందు దాన్ని వెతకాలి. హెచ్ఎఫ్ఎస్ ప్లస్ అయితే అప్పట్లో బయట హెచ్ఎఫ్ఎస్ తొడుగు ఉండేది కాబట్టి 4244 దాని సంతకం కావచ్చు, లోపల మళ్ళీ 482బీ అని ఉంటుంది.

మిగిలింది ముక్క సైజు. 8, 16, 32, 64, 128 కిలోబైట్లు, ఇలా రెట్టింపు అంకెల్లోనే ఉంటుంది సాధారణంగా. రెండు ఇమేజ్‌ల నుంచి వాల్యూమ్ భాగం మాత్రం సమాన పొడవుల్లో కోసి, లినక్స్‌లో ఎండీఅడ్మ్‌తో బిల్డ్ పద్ధతిలో ఒక్కో సైజు పెట్టి కలిపి, రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి చూడాలి. ఇక్కడ తొందరపడి సంబరపడే ప్రమాదం ఉంది, ముక్క సైజు తప్పైనా ఒక్క ముక్కలో ఇమిడిపోయే చిన్న ఫైళ్ళు కొన్ని బాగానే తెరుచుకోవచ్చు. అందుకే పరీక్ష ఎప్పుడూ పెద్ద ఫైలుతోనే చెయ్యాలి, కొన్ని మెగాబైట్ల ఫొటోనో సినిమా క్లిప్పో మొదటినుంచి చివరిదాకా మచ్చలేకుండా వస్తే అప్పుడు సైజు సరైనదని అర్థం.

అలా వచ్చిన ఫైళ్ళని నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి లాగేస్తే మళ్ళీ సగం పోతుంది, ఎందుకంటే మ్యాక్ ఫైలుకి డేటా ఫోర్క్, రిసోర్స్ ఫోర్క్ అని రెండు భాగాలు, ఫ్యాట్ ఫార్మాట్‌కి రెండోది తెలియదు. పాత క్విక్‌టైమ్ సినిమాల్లో కొన్నిటికి ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే పట్టిక ఆ రిసోర్స్ ఫోర్క్‌లోనే ఉంటుంది, అది పోతే బొమ్మ డేటా ఉన్నా ప్లేయర్ తెరవదు. హెచ్ఎఫ్ఎస్‌యుటిల్స్‌తో రెండు ఫోర్కుల్నీ ఒకే ఫైలులో కట్టే మ్యాక్‌బైనరీ రూపంలో కాపీ చేసుకోవచ్చు, లేదంటే కలిపిన ఇమేజ్‌ని అలాగే ఉంచి పాత మ్యాక్‌ని అనుకరించే షీప్‌షేవర్ ఎమ్యులేటర్‌లో మౌంట్ చేసి, పాత మ్యాక్ ఓఎస్ లోపల నుంచే సినిమా తెరిచి, విడిగా ఆడేలా సేవ్ చేసుకుంటే ఆ పట్టిక డేటా ఫోర్క్‌లోకి వచ్చేస్తుంది, అప్పుడది ఏ కంప్యూటర్‌కైనా తీసుకెళ్ళొచ్చు.